పరీక్షకి తెచ్చిన పెట్టె

"ముట్టుకున్నావంటే మీ అమ్మకి ఫోన్ చేస్తాను," అంది రౌషన్.

కొత్త స్ట్రీమర్ పెట్టె వెనకనుంచి తీగ పీకబోతున్న ఎల్దోస్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. సోఫా మీద ఖాళీ అట్టపెట్టె నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంది.

"అత్తయ్యా, షాపువాళ్ళు వారం రోజులు ఇంట్లో పెట్టుకుని విని చూడమని ఇచ్చారు. వారం అయిపోయింది. తిరిగి తీసుకెళ్ళాలి."

"మీ మావయ్య కొంటానన్నారు కదా."

"అందుకే తీసుకెళ్తానంటున్నాను."

పాటల పెట్టెలు అమ్ముకుని బతికే కుర్రాడు అమ్మనని మొండికేయడం, కొంటే ఇల్లు గుల్లవుతుందని ఏడవాల్సిన ఇల్లాలు కొననిమ్మని పట్టుబట్టడం మా అల్మాటీ నగరం మొత్తం మీద ఆ ఆదివారం ఆ ఒక్క ఇంట్లోనే జరిగి ఉంటుంది.

రౌషన్ వచ్చి అట్టపెట్టె మూత మూసేసి దానిమీదే కూర్చున్నంత పని చేసింది. కిటికీ కింద పాత స్ట్రీమర్, దాని పక్కనే కొత్తది. రెండూ ఇంటర్నెట్‌లోంచి పాట తెచ్చి స్పీకర్లకి అందించేవే. పాతది అరిగిపోయిన సబ్బుబిళ్ళలా ఉంటుంది. కొత్తది వెండిలా మెరుస్తూ, పడుకున్న గొర్రెపిల్లంత బరువుంటుంది.

"ఏం, మీ మావయ్యకి మంచి వస్తువు కొనుక్కునే యోగ్యత లేదా? ముప్ఫై ఏళ్ళపైన రేడియో స్టేషన్లో పాత టేపుల్లో రొద తీసి పాటలు శుభ్రం చేసిన మనిషి. పాత పెట్టెలో పాట మీద దుప్పటి కప్పినట్టుందని ఎన్నాళ్ళనుంచి మొత్తుకుంటున్నారో నీకు తెలీదా?"

"తెలుసు. గురువారం ఏమైందో మీకు తెలుసా?"

రౌషన్ అట్టపెట్టె మూత ఇంకా గట్టిగా నొక్కిపట్టింది.

"కళ్ళు మూసుకుంటాను, ఒకసారి పాతదీ ఒకసారి కొత్తదీ పెట్టరా, ఏది ఏదో చెప్తానన్నారు. సరేనని పాతది పెట్టాను. తరవాత కొత్తదానికి మార్చబోతే మీట బిగుసుకుపోయింది. నేను దాంతో కుస్తీ పడుతూండగానే మావయ్య చేతులెత్తి 'ఆహా, ఇదీ! దుప్పటి తొలిగిందిరా' అన్నారు. అప్పటికి ఇంకా పాతదే పాడుతోంది అత్తయ్యా."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? అవును మావయ్యా అన్నాను. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను."

రౌషన్ పని లేకపోయినా వంటగుడ్డతో చేతులు తుడుచుకుంది.

"పాడైంది పెట్టె కాదత్తయ్యా."

"తెలుసు."

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఎల్దోస్ అనుకోలేదు. గోడకి జారగిలబడ్డాడు.

"ఎప్పటినుంచి?"

"నీకెందుకు? కొననీ. ఇది కొన్నాక కూడా పాట మసగ్గానే ఉంటే స్పీకర్లంటారు. స్పీకర్లు మార్చాక తీగలంటారు. తీగలు మార్చేలోగా రిటైరైపోతారు. అంతదాకా నెట్టుకొస్తే చాలు నాకు."

"నేను అలా అమ్ముతూ పోవాలా ఆయనకి?"

"ఊళ్ళో అందరికీ అమ్మట్లేదూ?"

"అందరూ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వినడం నేర్పలేదు."

రౌషన్ మొహం తిప్పుకుంది. బయట కొండ మీద మంచు మధ్యాహ్నపు ఎండకి మెరుస్తోంది. ఆమె భర్త మౌలెన్ పొద్దున్నే రేడియోకి వెళ్ళాడు. ఆదివారం పూట ఏం పని అంటే, చిన్న పని అన్నాడు. అంతకుమించి చెప్పే మనిషి కాదు.

"రేడియోలో అయినా ఎవరో ఒకరు చెప్పేస్తారుగా," అన్నాడు ఎల్దోస్.

"చెప్పరు. ఆయనంటే అక్కడ అందరికీ గౌరవం."

"దాన్ని గౌరవం అంటారా అత్తయ్యా?"

అంతలో తలుపు గంట మోగింది.

*

గుమ్మంలో కుల్యాష్. మౌలెన్‌కి అక్కగారు, ఎల్దోస్‌కి తల్లి. డెబ్బై దాటినా ముక్కుసూటి మనిషి, గొంతులో కాస్త కూడా వణుకు లేదు. బూట్లు విప్పుతూనే సంచీలోంచి గుప్పెడు చాక్లెట్లు తీసి గదిలోకి విసిరింది. నాలుగు కొత్త స్ట్రీమర్ మీద పడ్డాయి. ఒకటి రౌషన్ జుట్టులో చిక్కుకుంది.

"అమ్మా! గీతలు పడతాయి," అని అరిచాడు ఎల్దోస్.

"పడనీరా. శుభం జరిగినచోట తీపి చల్లకపోతే ఎట్లా? ఏమ్మా రౌషన్, కొత్త వస్తువు ఇంటికొచ్చిందని అక్కగారికి చెప్పాల్సింది మీరా, మీ కింది వాటా ఆవిడా?"

"ఇంకా కొనలేదు వదినా."

"కొనకపోవడమేమిటి? ఇంట్లో ఉంది, దీపం వెలుగుతోంది, పాడుతోందిట కూడా. ఏంరా, కోడల్ని కూడా వారం రోజులు చూసుకుని వెనక్కి పంపిస్తారా మీ షాపులో?"

మావాళ్ళలో కొత్త వస్తువు చూసినవాళ్ళు వట్టి చేతులతో చూడకూడదు. ఏదో ఒకటి బహుమానంగా పెట్టి దీవించాలి. దాన్ని బైగాజీ అంటాం. గుర్రానికైనా, గౌనుకైనా, గొర్రెపిల్లంత పాటల పెట్టెకైనా అదే పద్ధతి. కుల్యాష్ సంచీ అడుగునుంచి తెల్లని గుడ్డ ఒకటి తీసి విదిలించింది. అంచులకి పువ్వులు పెట్టి తన చేత్తో అల్లిన ముసుగు.

"ఇదిగో, నా బైగాజీ. కొలతలు మీ కింది వాటా ఆవిడే చెప్పింది."

"దానికి గాలాడాలమ్మా. వేడెక్కుతుంది."

"మంచిదే, చలికాలం వెచ్చగా ఉంటుంది. నువ్వు నోర్ముయ్. ఈ ఇంట్లో నీకు నచ్చింది పట్టుకుపోయే హక్కు మేనల్లుడివని నీకుంది కదాని, దీనిమీద కన్నేశావేమో. కళ్ళు పీకుతాను."

ముసుగు కప్పింది. రెండు అరచేతులూ మొహం ముందు తెరిచి పట్టుకుంది. పెద్దావిడ దీవిస్తూంటే నిలబడకుండా ఎలా ఉంటారు? ఇద్దరూ చేతులు చాపి నిలబడ్డారు.

"ఈ పెట్టెలోంచి మంచి మాటే వినపడాలి. నా తమ్ముడి చెవి నూరేళ్ళు చల్లగా ఉండాలి."

రౌషన్ చేతులు మొహానికి తాకించుకుని, అలాగే కాసేపు కళ్ళమీద ఉంచుకుంది. ఇక దీన్ని వెనక్కి పంపడమంటే పెద్దావిడ దీవెన వెనక్కి పంపినట్టే. ఎల్దోస్ అట్టపెట్టె మడిచి సోఫా వెనక్కి తోసేశాడు. ఏం చెయ్యాలో తెలీక ఒక చాక్లెట్ ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

*

మౌలెన్ వచ్చేసరికి టీ కప్పులు రెండో విడత నిండాయి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. నడుస్తూంటే తల కొంచెం పక్కకి వాలి ఉంటుంది, ఎవరో పక్కనుంచి పిలుస్తున్నట్టు.

"అక్కా, నువ్వొచ్చావా! మంచిదైంది. నిన్ను పిలుద్దామనే అనుకున్నాను."

"పిలుద్దామనుకుంటావు, పిలవవు. చిన్నప్పటినుంచీ అంతేగా నువ్వు. రా, టీ తాగు."

"ముందు వినండి, తరవాత టీ. రేడియోనుంచి ఒకటి తెచ్చాను."

స్పీకర్లకి ఎదురుగా సరిగ్గా మధ్యలో ఉన్న కుర్చీ మౌలెన్‌ది. అందులో ఇంకొకళ్ళు కూర్చుంటే సహించడు. ఇవాళ అందులో అక్కని కూర్చోబెట్టాడు. రౌషన్‌నీ ఎల్దోస్‌నీ ఆవిడకి చెరో పక్కా ఉండమన్నాడు. జేబులోంచి వేలెడంత పెన్‌డ్రైవ్ తీసి, ముసుగెత్తి, కొత్త స్ట్రీమర్‌కి తగిలించాడు. తను మాత్రం స్పీకర్ పక్కనే స్టూలు వేసుకుని వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు.

"పాత టేపులోది. దొంబ్రా ఒక్కటే. మాటలుండవు. జాగ్రత్తగా వినండి."

దొంబ్రా మొదలైంది. రెండు తీగలే అయినా గుర్రాల మంద మీదికొస్తున్నట్టుంది వాయించే చెయ్యి. అంతలో దాని వెనకనుంచి ఒక కూత లేచింది. చెవి పక్కన దోమలాగా సన్నగా, ఆగకుండా. దొంబ్రా పెరిగితే పెరగలేదు, తగ్గితే తగ్గలేదు.

ఎల్దోస్ తల ఎత్తాడు. స్పీకర్ తీగేదో వదులైందనుకున్నాడు. షాపులో అయితే ఈపాటికి లేచి సరిచేసేవాడు. ఇక్కడా లేవబోయాడు. రౌషన్ కళ్ళతోనే కూర్చోబెట్టింది.

కుల్యాష్ మొహం చిట్లించి నోరు తెరిచింది. "ఇదేమిట్రా ఈ..." అనబోయింది. రౌషన్ చెయ్యి ఆవిడ మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది. కుల్యాష్ తెలివి తక్కువది కాదు. మరదలి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది, తెరిచిన నోట్లో టీ పళ్ళెంలోని బౌర్సాక్ బూరె ఒకటి పెట్టుకుని నమలసాగింది. తలగుడ్డ కొంచెం కిందికి లాగి చెవి కప్పుకుంది.

మౌలెన్ ప్రశాంతంగా చూస్తున్నాడు.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా."

"శుభ్రంగా ఉందా?"

కుల్యాష్ బౌర్సాక్ మింగింది. జన్మలో తమ్ముడితో అబద్ధమాడి ఎరగదు ఆవిడ. "అద్దంలా ఉంది," అంది.

"నువ్వు చెప్పు రౌషన్."

"దుప్పటి తొలగినట్టే ఉందండీ."

"ఏరా?"

ఎల్దోస్ నేలచూపులు చూశాడు. "కొత్త పెట్టె కదా మావయ్యా."

కూత సాగుతూనే ఉంది. టీ చల్లారిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు ముగ్గురూ బిగుసుకుని కూర్చున్నారు. మౌలెన్ చెయ్యి చాపి పాట ఆపాడు. ఆపగానే ముగ్గురి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి.

అది మౌలెన్ చూశాడు.

"కూత ఆగిందా?" అన్నాడు.

*

రౌషన్ చల్లారిన కప్పు చేతిలోకి తీసుకుంది.

"ఏ కూతండీ?"

"నేను పెట్టిన కూత. పొద్దున్న రేడియోకి వెళ్ళింది అందుకే. దొంబ్రా మీద ఒక కూత అతికించి తెచ్చాను. కంప్యూటర్ తెరమీద గీతలా కనపడుతోంది. వింటే దొంబ్రా వినపడుతోంది, మనుషుల మాటలూ వినపడుతున్నాయి, ఆ సన్న కూత మాత్రం లేదు. తప్పు కంప్యూటర్‌దేమో అనుకున్నాను. అందుకని తెచ్చి మీకు వినిపించాను."

"తమ్ముడూ..."

"మరీ సన్నది కూడా పెట్టలేదక్కా. నీక్కూడా వినపడాలని చూసి పెట్టాను. నీకూ వినపడింది. నేను పాట వినలేదు. మీ మొహాలు చూస్తూ కూర్చున్నాను. వాడు లేవబోయాడు, రౌషన్ కూర్చోబెట్టింది. నువ్వు నోరు తెరిచావు, రౌషన్ మోకాలు నొక్కింది. ఆపాక ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు."

కుల్యాష్ ఏడుపు మొదలుపెట్టింది. ఎల్దోస్ లేచి నిలబడ్డాడు గానీ ఎటు వెళ్ళాలో తెలీలేదు.

"మావయ్యా, తప్పు నాది. గురువారమే చెప్పాల్సింది."

"గురువారం కూడా ఉందా?" అన్నాడు మౌలెన్. ఎల్దోస్ నాలిక కరుచుకున్నాడు. "సరే. అదీ ఉందన్నమాట. రౌషన్, నీకెప్పటినుంచి తెలుసు?"

"ఇప్పుడెందుకవన్నీ?"

"ఎప్పటినుంచి?"

"పోయిన చలికాలానికి ముందు చలికాలం నుంచి," అంది రౌషన్. "పొయ్యి మీద కెటిల్ కూత పెడుతోంది. మీరు దాని పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. కూత పెట్టీ పెట్టీ నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. నేను బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చాను. ఏమిటా పరుగు అని మీరు నవ్వారు. నేనూ నవ్వాను."

"నవ్వావా?"

"మరేం చెయ్యను? మర్నాడే వెళ్ళి కూత పెట్టని కెటిల్ కొన్నాను. గంట మోగితే మీకంటే ముందు నేనే లేచేదాన్ని. ఫోను మోగితే, 'ఏమండీ, మీ ఫోను, దగ్గర్లో ఉన్నారుగా' అనేదాన్ని. పిట్టలొచ్చాయండీ అని నేను చెప్తే మీరు కిటికీవైపు చూసేవారు. అవునోయ్, ఎంత బాగా అరుస్తున్నాయో అనేవారు. అప్పుడు వంటింట్లోకెళ్ళి ఏడ్చేదాన్ని."

"ఒక్కసారి... ఒక్కసారి చెప్తే ఏమయ్యేది?"

"ఏమయ్యేదో మీకు తెలీదా? చెవులు తప్ప ఇంకేమున్నాయి మీకు? మాట తక్కువ, స్నేహితులు తక్కువ. ఆ చెవులు కూడా లేవని నా నోటితో నేను చెప్పి, ఆ తరవాత ఈ ఇంట్లో మీతో ఎట్లా బతకను? మీరు నాతో మాట్లాడటం మానేస్తారని భయమేసింది. అంతే. నా స్వార్థమే అనుకోండి."

మౌలెన్ తల తిప్పి కొత్త పెట్టె వంక చూశాడు.

"ఇంత పెద్ద పెట్టె కొంటుంటే అడ్డు కూడా పడలేదే నువ్వు. నేనే అనుకున్నాను, ఎంత మంచిదో నా పెళ్ళాం అని."

రౌషన్ ఆ మాటకి వంగిపోయింది. కొట్టినా అంత బాధ పడేది కాదు.

"వదిలెయ్యరా," అంది కుల్యాష్ ముక్కు చీదుతూ. "వయసొస్తే కళ్ళు పోతాయి, మోకాళ్ళు పోతాయి. చెవిలో పెట్టుకునేవి అమ్ముతున్నారు. అందరూ పెట్టుకోవట్లేదూ? దీన్ని వెనక్కిచ్చి అదేదో కొనుక్కో. దీవెన నేను దానికి మారుస్తాలే."

ఇంకోరోజైతే మౌలెన్ నవ్వేవాడు.

"అక్కా, ఇంట్లో నాకు బదులు రౌషన్ విన్నది. బానే ఉంది. రేడియోలో నాకు బదులు ఎవరు విన్నారు?"

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు అర్థమైంది ఎల్దోస్‌కే.

"పాత స్టూడియోలో ఒక యంత్రం ఉండేది," అన్నాడు మౌలెన్. "సన్నగా కూత పెట్టేది. ఆ రోజుల్లో తీసిన టేపులన్నిట్లోనూ ఆ కూత పడింది. పాట చెడకుండా దాన్ని బయటికి లాగడమే నా పని. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు తీస్తాడు మౌలెన్ అనేవారు. రెండు చలికాలాలనుంచీ ఏ టేపు పెట్టినా కూత లేదు. ఎవరో మంచి టేపులు దాచారు, అదృష్టం అనుకున్నాను. శుభ్రంగా ఉందని రాసి పంపించేశాను. అన్నీ. నా పేరుతో."

రౌషన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంటి సంగతే చూసుకుంది గానీ, ఆ ఆలోచన ఆమెకి ఒక్కరోజు కూడా రాలేదు.

"రేపు బల్జాన్ పాట బయటికొస్తోంది. ఈలీ నది పక్కనుంచి వచ్చి, పోయిన అన్నకోసం ఏడుస్తూ పాడిందే, ఆ పాట. ఆవిడ గొంతు లోకంలో ఉన్నది ఆ ఒక్క టేపులోనే. మనవలూ మునిమనవలూ అందరూ వస్తున్నారు వినడానికి. వాళ్ళెవరూ ఆవిడ గొంతు ఎరగరు. నేను శుభ్రంగా ఉందని పంపిన పాటల్లోకెల్లా మంచిది అదే అనుకుంటూ వచ్చాను."

"మావయ్యా, వద్దు. ఇవాళ వద్దు," అన్నాడు ఎల్దోస్.

"పెట్టరా. అది కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. ఈ కొత్త యంత్రంలోనే పెట్టు. ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది, ఏదీ దాచదని నువ్వేగా చెప్పావు? ఆ మాట నిజమైతే ఉంచేసుకుంటాను."

ఎల్దోస్ మీట దగ్గరికి వెళ్ళాడు. మౌలెన్ తన కుర్చీలోంచి అక్కని లేపి, దాన్ని వెనక్కి తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు లాగాడు.

"రౌషన్, ఇలా రా. కూర్చో. కూత వినపడగానే వేలు ఎత్తు. ఆగిపోగానే దించెయ్. ఎక్కడెక్కడ ఉందో చూసుకుంటాను. కొంచెమే అయితే రాత్రికి రాత్రి వెళ్ళి, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని సరిచేసుకోవచ్చు."

"ఎల్దోస్‌ని చెప్పమనండి. నాకివి తెలీవు."

"కెటిల్ కూత తెలిసిందిగా. నువ్వే చెప్పు."

"నేను అబద్ధం చెప్పిన మనిషిని. నన్నెట్లా నమ్ముతారు?"

"నమ్ముతాను," అన్నాడు మౌలెన్. "ఇంకెవరున్నారు?"

రౌషన్ వచ్చి కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ తగిలేంత దగ్గరగా.

పాట మొదలైంది. బల్జాన్ గొంతు లేచింది. ముసలి గొంతే, పగుళ్ళున్నాయి, అయినా అన్నని పేరుపెట్టి పిలుస్తూంటే గదిలో ఎవరో నిజంగా లేచి వస్తారనిపించింది. కుల్యాష్ గోడవైపు తిరిగిపోయింది.

రౌషన్ వేలు ఎత్తింది.

మౌలెన్ ఆ వేలు వంకే చూస్తూ, అది దిగడం కోసం ఎదురుచూశాడు. చరణం అయిపోయింది. ఊపిరి తీసుకోవడానికి బల్జాన్ ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. రౌషన్ చెంపలమీదుగా నీళ్ళు కారి గడ్డం కింద చేరుతున్నాయి. తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి ఉంది, కానీ మౌలెన్ దాన్ని పట్టుకుని ఉన్నాడు.

పాట అయిపోయేదాకా రౌషన్ వేలు దించలేదు.